నాణెం అయిపోతే ఆట ముగిసేది



ఒక సాయంకాలం మా సంఘంలోని ఒక మిర్చి రైతు ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల పంతొమ్మిదేళ్ల కొడుకు గోడకు ఆనుకుని ఫోను మీద వేలు ఆడిస్తున్నాడు. తల్లి అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచింది. "ఒక్క ఆటమ్మా, అయిపోతుంది" అన్నాడు. కంచంలో అన్నం చల్లారింది గాని ఆట అవలేదు.

"అయ్యగారూ, మేమూ చిన్నప్పుడు ఆడాం. పొద్దుగూకితే ఇంటికొచ్చేవాళ్లం. ఈ ఆటకు పొద్దుగూకడం లేదండీ. అసలిది ఎక్కడినుంచి వచ్చిందంటారు?" అని అడిగాడా తండ్రి.

ఆవేళ నా దగ్గర జవాబు లేదు. తర్వాత తీరిక చేసుకుని చదివాను. తెర మీద వేలు పెట్టి ఆడే ఆటలకు ఒక పాత ఇల్లు ఉన్నదని తెలిసింది. ఆ ఇల్లు అమెరికా దేశపు మద్యశాల. అక్కడ గ్లాసుల ప్రక్కన, బల్ల మీద, ఒక చిన్న పెట్టె ఉండేది. దాని కథ తెలిస్తే మన చేతిలోని ఫోను కథ సగం తెలిసినట్లే. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నాణెం మింగే పెట్టె

నాణెం వేస్తే ఆడించే యంత్రాలు క్రొత్తవి కావు. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో చార్లెస్ ఫే అనే యంత్రకారుడు "లిబర్టీ బెల్" అనే జూదపు యంత్రాన్ని తయారుచేశాడు. నాణెం వేసి పిడి లాగితే మూడు చక్రాలు గిర్రున తిరిగి ఆగేవి. మూడింటి మీద ఒకే బొమ్మ వరుసగా వస్తే డబ్బు వచ్చేది. ఆడేవాడి చేతిలో పిడి తప్ప మరేమీ లేదు. అంతా అదృష్టమే.

1930లలో పిన్‌బాల్ వచ్చింది. ఏటవాలు పలక మీద ఒక గోళీని కమ్మీతో కొట్టి వదిలేవారు. మేకుల మధ్య తగులుకుంటూ అది ఏ గుంటలో పడితే అన్ని పాయింట్లు. మన జాతరలో రింగులాట ఎలాంటిదో, అక్కడ అది అలాంటిది. పిల్లలు బడికి తెచ్చుకున్న చిల్లర అందులో వేస్తున్నారని పెద్దలు బాధపడ్డారు. న్యూయార్కు మేయరు ఫియోరెల్లో లాగార్డియా 1942లో ఆ యంత్రాలను నిషేధించాడు. పోలీసులు వేలాది పెట్టెలను స్వాధీనం చేసుకున్నారు. సమ్మెటలతో పగులగొట్టారు.

1947లో ఆ ఆటలో ఒక మార్పు వచ్చింది. గాట్లీబ్ కంపెనీ తన "హంప్టీ డంప్టీ" యంత్రంలో, మీట నొక్కితే గోళీని తిరిగి పైకి కొట్టే చిన్న రెక్కలు అమర్చింది. అప్పటినుంచి చేతి నేర్పుకు చోటు దొరికింది. అయినా న్యూయార్కులో నిషేధం 1976 వరకు పోలేదు. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే పత్రికా రచయిత నగర సభ్యుల ఎదుట యంత్రం ఆడి చూపించాడు. గోళీ ఏ దారిలో పోతుందో ముందే చెప్పి కొట్టాడు. చెప్పిన దారిలోనే అది పోయింది. ఇది అదృష్టం కాదు, నేర్పు అని ఒప్పుకుని నిషేధం ఎత్తివేశారు.

సీసా ప్రక్కన తెర

ఈలోగా తెర మీద ఆడే ఆట పుట్టింది. 1972లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణంలో, ఆండీ క్యాప్స్ అనే మద్యశాలలో, అటారీ కంపెనీవారు "పాంగ్" అనే యంత్రం పెట్టారు. దాన్ని తయారుచేసినవాడు అల్ ఆల్కార్న్ అనే ఇంజనీరు. తెర మీద ఒక చుక్క, దాన్ని అటూ ఇటూ కొట్టడానికి రెండు గీతలు, అంతే. కొన్నాళ్లకు యంత్రం చెడిపోయిందని కబురు వస్తే ఆల్కార్న్ వెళ్లి పెట్టె తెరిచాడు. యంత్రానికి ఏ జబ్బూ లేదు. పావు డాలరు నాణేలు నిండిపోయి, క్రొత్త నాణెం దిగడానికి చోటు లేదు.

నేర్చుకోవడం సులువుగా, ఆరితేరడం కష్టంగా ఉన్నదే మంచి ఆట అనే సూత్రాన్ని అటారీ స్థాపకులలో ఒకడైన నోలన్ బుష్నెల్ పేరు మీద చెప్పుకుంటారు. దాని అర్థం ఆలోచించండి. సులువు గనుక మొదటి నాణెం వేస్తారు. కష్టం గనుక రెండో నాణెం వేస్తారు. ఒకే నాణెం మీద గంటసేపు ఆడితే యంత్రం యజమానికి నష్టం. కాబట్టి ఓటమి త్వరగా రావాలి. కాని ఓడినవాడికి "కొద్దిలో తప్పింది, ఈసారి గెలుస్తాను" అనిపించాలి. మన కుర్రవాడు "ఒక్క ఆటమ్మా" అన్నాడే, ఆ మాట ఇక్కడ పుట్టింది.

వేలు చాలు

తాకితే పలికే తెర మాత్రం ఆట కోసం పుట్టలేదు. 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్‌లో, ప్రభుత్వ రాడార్ పరిశోధనాలయంలో పనిచేసే ఇ. ఎ. జాన్సన్ దాని గురించి వ్రాశాడు. ఆకాశంలో విమానాల రాకపోకలను చూసే ఉద్యోగులకు పని సులువు కావాలన్నది ఆయన తలంపు. 1970ల ఆరంభంలో అమెరికాలో శామ్ హర్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు, పరిశోధనలో గీసిన గీతల నుంచి లెక్కలు త్వరగా తీసుకోవడానికి తాకుడు పలక తయారుచేశాడు. 1972లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారి "ప్లేటో" యంత్రంలో విద్యార్థులు తెరను వేలితో తాకి జవాబు చెప్పేవారు. చూడండి, విమానాల క్షేమం కోసం, పరిశోధన కోసం, చదువు కోసం వచ్చిన సాధనమిది.

ఇలాంటి తెరలలో ఒక రకం ఎలా పనిచేస్తుందంటే, అద్దం మీద కంటికి కనబడనంత పలుచని పూత ఉంటుంది. దానిలో అతి స్వల్పమైన విద్యుత్తు ఉంటుంది. మన దేహం విద్యుత్తును పోనిస్తుంది గనుక, వేలు తగిలిన చోట కొంచెం అటు లాగబడుతుంది. నాలుగు మూలల నుంచి ఎంతెంత పోయిందో లెక్కచూసి, వేలు ఎక్కడ ఉన్నదో యంత్రం తెలుసుకుంటుంది.

దీన్ని మద్యశాల బల్ల మీదికి తెచ్చి పేరు పొందినవారు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మెరిట్ ఇండస్ట్రీస్‌వారు. 1980లలో వారు మీటలు నొక్కి ఆడే పేకాట యంత్రాలు, ప్రశ్నల యంత్రాలు చేసేవారు. 1990లలో ఆ పెట్టెకు తాకుడు తెర పెట్టి "మెగాటచ్" అని పేరు పెట్టారు.

ఆ పెట్టెలోని తెలివి గమనించండి. పెద్ద ఆట యంత్రం నిలువెత్తు బీరువా అంత ఉంటుంది, ఆడేవాడు లేచి దాని దగ్గరకు వెళ్లాలి. ఇది చిన్న టీవీ అంతే. కూర్చున్న పీట మీదినుంచి లేవనక్కరలేదు. పిడి తిప్పడం నేర్చుకోనక్కరలేదు. ఒక చేతిలో గ్లాసు ఉన్నా రెండో చేతి వేలు చాలు. ఒకే పెట్టెలో పదుల కొద్దీ ఆటలు: ఒంటరి పేకాట, పదాల ఆట, ప్రశ్నలు జవాబులు. అన్నిటికంటే పేరు పొందినది "ఫోటో హంట్". రెండు బొమ్మలు ప్రక్కప్రక్కన వస్తాయి, వాటిమధ్య తేడాలు గడువులోగా వేలితో చూపాలి. మన వారపత్రికల్లో తేడాలు కనుక్కొమ్మని ఇచ్చే బొమ్మలాంటిదే. కాని అర్ధరాత్రి తాగేవారిని ఉద్దేశించి ఆ యంత్రాల్లో అసభ్యమైన చిత్రాలు కూడా చేర్చారు.

యంత్రం చాలాచోట్ల మద్యశాలవాడిది కాదు. వేరొక వ్యాపారి దాన్ని తెచ్చిపెట్టి, వచ్చిన నాణేలను ఇద్దరూ పంచుకునేవారు. తర్వాతి కాలపు యంత్రాలను దూరాన ఉన్న ఇతర యంత్రాలతో కలిపి ఊళ్ల మధ్య పోటీలు కూడా నడిపారు.

న్యాయంగా మంచి కూడా చెప్పాలి. ఒకరినొకరు ఎరుగనివారు ఆ తెర దగ్గర తలలు చేర్చి "అదిగో తేడా, ఆ మూలన చూడు" అని నవ్వుకునేవారు. ఒంటరిగా వచ్చినవాడికి అది ఒక తోడు. ఆట చెడ్డది కాదు. మనిషికి ఆట కావాలి.

పెట్టె పోయి ఫోను వచ్చింది

2007లో ఆపిల్ కంపెనీవారి ఐఫోన్ వచ్చింది. 2008లో ఆ ఫోనులోకి ఆటలు దింపుకునే అంగడి తెరిచారు. మద్యశాలలో కూర్చున్న ప్రతివాని జేబులోకి తాకుడు తెర వచ్చేసింది. ఇక బల్ల మీది పెట్టెలో నాణెం ఎవరు వేస్తారు? 2014లో మెగాటచ్ యంత్రాల తయారీ ఆగిపోయింది.

పెట్టె పోయిందిగాని, దాని విద్య పోలేదు. అది ఫోనులోకి మారింది. మారేటప్పుడు మాత్రం నాలుగు కంచెలు బయటే వదిలేసి వచ్చింది.

మొదటి కంచె చోటు. ఆ యంత్రం మద్యశాలలో ఉండేది, మంచం మీద ఉండేది కాదు. రెండవది వేళ. రాత్రి కొట్టు మూసేవేళకు ఆట ముగియవలసిందే. మూడవది నలుగురి చూపు. ఎవడు ఎంతసేపు కూర్చున్నాడో ప్రక్కవాడికి కనబడేది. నాలుగవది నాణెం. జేబులో చేయి పెట్టి బరువు చూసుకుంటే ఎంత పోయిందో వేళ్లకే తెలిసేది. నాణేలు అయిపోతే ఆట ముగిసేది.

ఫోనుకు చోటు లేదు, వేళ లేదు, చూసేవారు లేరు. ఇక నాణెం సంగతి ఆ రైతు ఇంట్లోనే తెలిసింది. కొన్నాళ్లకు ఆయన పాసుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ఇరవై తొమ్మిది రూపాయలు, డెబ్బై తొమ్మిది రూపాయలు, నూటయాభై తొమ్మిది రూపాయలు, ఇలా ముక్కలు ముక్కలుగా నాలుగు నెలల్లో ఆరువేల నాలుగువందలు పోయాయి. పురుగుమందుకని ఉంచిన డబ్బు అది. కుర్రవాడు తల వంచుకుని, "ఆటలో నాణేలు కొన్నాను అయ్యగారూ" అన్నాడు.

"నాణేలా? ఏవిరా, చూపించు" అన్నాడు తండ్రి.

వాడు ఫోను చూపించాడు. తెర మీద పసుపుపచ్చని బొమ్మలు మెరుస్తున్నాయి. ఆ తండ్రి కాసేపు వాటినే చూశాడు. తిట్టలేదు. "ఇవి జేబులో మోగవు గదరా" అని మాత్రం అన్నాడు.

నేర్పా, అదృష్టమా?

వాడు ఆడినది పందెపు ఆట కాదు. పందెపు ఆటలు మరింత లోతైన గొయ్యి. న్యూయార్కులో వచ్చిన ప్రశ్నే మన తెలుగునేల మీద కూడా వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను ఆధారం చేసుకునే తర్వాత ఫోనులో రమ్మీ వ్యాపారం పెరిగింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూద చట్టాలను మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పా అదృష్టమా అనే తేడా చూడకుండా, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

చట్టం మంచిదే. కాని ఆ పాసుపుస్తకంలోని ఆరువేల నాలుగువందలు పందెంలో పోలేదు. చట్టం చేయి చాపని చోట ఇంటివారే కంచె వేసుకోవాలి.

ఇంటిలో వేసుకోదగిన కంచెలు

ఆ నాలుగు కంచెలనే ఇంటికి తెచ్చుకుందాం. చోటు కంచె: ఫోనులో ఆట అరుగు మీదో, నలుగురూ కూర్చునే గదిలోనో ఆడాలి. పడుకునే గదిలోకి ఫోను పోకూడదు. వేళ కంచె: అన్నం వేళ, చదువు వేళ, నిద్ర వేళ తప్పించి ఒక సమయం పెట్టండి. అది పెద్దలకూ వర్తించాలి. అరుగు మీద మనమే గంటల తరబడి ఫోను చూస్తూ పిల్లలను కోప్పడితే వారు వింటారా? చూపు కంచె: తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి ప్రక్కన కూర్చోండి. "ఈ ఆట ఎలా ఆడతారు, నాకు నేర్పు" అని అడగండి. ఓడినప్పుడు మళ్లీ ఆడాలని ఎందుకనిపిస్తుందో పిల్లవాడి నోటనే చెప్పించండి. నాణెం కంచె: బ్యాంకు ఖాతా ఉన్న ఫోను రహస్య సంఖ్య పిల్లలకు చెప్పవద్దు. ఆటకు డబ్బు ఇవ్వదలిస్తే చేతికి నోటు ఇవ్వండి, అయిపోయిందంటే అయిపోయినట్లే.

ఆ మిర్చి రైతు ఇంటికి ఈమధ్య మళ్లీ వెళ్లాను. ఫోను గూట్లో ఉంది. కుర్రవాడు కోతల రోజుల్లో కూలికి వెళ్లి, పోయిన సొమ్ములో సగం తండ్రి చేతిలో పెట్టాడట. ఇంకా ఆడుతున్నావా బాబూ అని అడిగాను.

"ఆడుతున్నానండి. కాని అమ్మ పిలిస్తే ఆట సగంలో వదిలి లేస్తున్నాను. మొదట్లో కష్టంగా ఉండేదండి" అన్నాడు.

ఇంతలో లోపలినుంచి తల్లి పిలిచింది. వాడు లేచి వెళ్లి, కంచం ముందు కూర్చున్నాడు. అన్నం ఇంకా వేడిగానే ఉంది.