బొమ్మల కార్డు - టపా ప్రయాణము

వస్తువును సంపాదించుట ఒక విద్య. దానిని చెడకుండ మఱొకరికి చేర్చుట వేరొక విద్య. మొదటిదానిని మనమందరము మెచ్చుకొందుము. రెండవదానిని గూర్చి, వస్తువు చెడిన దినముననే తలంతుము. మన యిండ్లలోని యువకులు ఇంటర్నెట్టు ద్వారా అమ్ముటకు పూనుకొను బొమ్మల కార్డుల విషయమున ఈ రెండవ విద్య ఎట్టిదో నేడు విచారింతము.

ఆటగాళ్ళ చిత్రములు, కథలలోని వింతజీవుల చిత్రములు అచ్చొత్తిన చిన్న అట్టలివి. సాధారణముగా 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉండును. వీని పుట్టుక చిత్రమైనది. 19వ శతాబ్ది చివరి భాగమున అమెరికా, ఇంగ్లండు దేశములలో మెత్తని సిగరెట్టు పొట్లములు నలగకుండ లోపల నొక అట్టముక్కను పెట్టెడివారు. పిదప దానిపై బొమ్మ ముద్రించిరి. అనగా ఒకనాడు పొట్లమును కాపాడిన అట్టకే నేడు కాపుదల కావలసివచ్చినది! 1952లో అచ్చయిన మికీ మాంటిల్ అను బేస్‌బాల్ ఆటగాని కార్డొకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది.

మన దేశమునకు ఈ ముచ్చట క్రొత్తది కాదు. గంజీఫా ఆటలో చేతితో చిత్రించిన గుండ్రని చీట్లు వాడెడివారు. మన నిర్మల చిత్రకారులును వానిని చిత్రించిరి. ఆ చీట్లను జారుడుమూత గల చెక్కపెట్టెలలో దాచెడివారు. చీటికి తగిన పెట్టె. లోపల కదలుటకు తావు లేదు. గాజులసెట్టి మలారము కట్టుటలోని రహస్యమును ఇదియే. కదలిక లేనిచోట పగులు లేదు.

కార్డునకు శత్రువులు నాలుగు: వంపు, తేమ, రాపిడి, కదలిక. కార్డులను పరీక్షించి 10 వరకు అంకెలు వేయు సంస్థలు గలవు. మూల కొంచెము నలిగి తెలుపు కనబడినను అంకె తగ్గును. అంకెతో వెలయు తగ్గును. 500 రూపాయల కార్డుపై 50 రూపాయలు లాభమనుకొందము. ఒక్క కార్డు దారిలో చెడి సొమ్ము తిరిగి యీయవలసివచ్చినచో, ఆ నష్టమును పూడ్చుటకు మఱి తొమ్మిది కార్డులు అమ్మవలెను. టపా ఖర్చు వేరు. చిన్న వర్తకునికి ఇది సామాన్యమైన దెబ్బ కాదు.

ఇక కట్టు విధానము. చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకొని, కార్డును అంచులతో పట్టుకొని, మెత్తని పలుచని ప్లాస్టిక్ తొడుగులో పెట్టవలెను. దీనిని వర్తకులు స్లీవ్ అందురు. ఇది రాపిడిని ఆపును. ఆపైన దానిని టాప్‌లోడర్ అను గట్టి ప్లాస్టిక్ ఒరలో దింపవలెను. తొడుగు లేక కార్డును నేరుగా ఒరలోనికి త్రోసినచో అంచులు గీసుకొనును. కార్డు మందమునకు తగిన ఒరనే ఎన్నుకొనవలెను. ఒర నోటికి, రంగులు వేయువారు వాడు కాగితపు టేపును అంటించి, కొసను మడచి చిన్న చెవి వలె విడువవలెను. గట్టి గమ్ టేపు వాడినచో, లాగునపుడు కార్డు ఎగిరిపడవచ్చును, జిగురు మిగులును. రబ్బరు బ్యాండు అసలే కూడదు. అది అంచును కోయును.

పిమ్మట పాత అట్టపెట్టె నుండి, ఒరకంటె కొంచెము పెద్దవిగా రెండు ముక్కలు కోయవలెను. అట్ట లోపల అలల వంటి మడతల వరుసలుండును. ఆ వరుస వెంబడి అట్ట సులువుగా మడతపడును. దానికి అడ్డముగా మడతపడదు. కనుక ఒక ముక్కలో వరుసలు నిలువుగాను, రెండవదానిలో అడ్డముగాను ఉండునట్లు అమర్చినచో, ఏ వైపున వంగబోయినను ఒకటి అడ్డుకొనును. ఈ రెంటి నడుమ ఒరను బిగించి, బబుల్ ర్యాప్ చుట్టి, కవరులో పెట్టవలెను. వెలగల కార్డునకు కవరు చాలదు; చిన్న అట్టపెట్టెయే మేలు. పెట్టెలో ఖాళీని నలిపిన కాగితముతో నింపవలెను.

తేమ సంగతి మఱువరాదు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు మెదకు ప్రాంతమున వానకాలము. కాగితపు నారలు తేమను పీల్చి ఉబ్బును. మెఱుపుపొర గల కార్డులో కాగితము ఉబ్బును గాని ఆ పొర ఉబ్బదు; అందుచే కార్డు విల్లువలె వంగును. కావున ఒరను ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ పిదపనే అట్టల నడుమ నుంచవలెను. చెమ్మగా నున్న గదిలో మూసినచో చెమ్మయు లోపలనే చిక్కును. పొడి తావున కట్టుటయే యుక్తము.

కట్టిన పిదప పరీక్ష. చెవి దగ్గఱ ఊపి చూడుడు, శబ్దము వినరాదు. మొదటిసారి కట్టువారు విలువలేని కార్డునొకదానిని ఇట్లే కట్టి, బల్ల యెత్తునుండి జారవిడిచి, విప్పి చూచినచో తమ పనితనము తమకే తెలియును. పంపుటకు ముందు కార్డు రెండు వైపులను ఛాయాచిత్రము తీసి ఉంచుకొనుట వివాదములకు మందు.

చిరునామా విషయమున పిన్‌కోడు ముఖ్యము. 1972 ఆగస్టు 15న ఆరంభమైన ఈ విధానములో మెదకుది 502110. మొదటి మూడంకెలు ఉత్తరములను వేఱుచేయు ప్రాంతమును, చివరి మూడు బట్వాడా చేయు కార్యాలయమును తెలుపును. పంపువారి చిరునామా పైననే గాక లోపలను ఒక చీటిపై వ్రాసి ఉంచినచో, పై కాగితము తడిసినను దారి తప్పదు. మన పెద్దలు నమ్మిన రిజిస్టరు టపా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయినది. ఇచ్చిన రసీదుపై నున్న అంకెతో కట్ట ఎక్కడ నున్నదో చూచుకొనవచ్చును. వెలగల వస్తువైనచో భీమాను గూర్చి టపా కార్యాలయమున ముందుగా విచారింపవలెను.

తుదకొక మాట. దూరదేశపు కొనుగోలుదారునికి మన దుకాణము కనబడదు, మన ముఖము కనబడదు. కనబడునది కట్ట ఒక్కటియే. దానిని ఆతృతతో విప్పువాడు పదేండ్ల బాలుడు కావచ్చును. వాడు కత్తెరతో కార్డునే కోయకుండ, "ఇచట కత్తిరింపుడు" అని కవరు అంచున గీత గీసి వ్రాయుడు. పంపువాని పని కట్ట కట్టుటతో ముగియదు. అందుకొనినవాడు క్షేమముగా విప్పుటతో ముగియును.