మీకు తెలుసా? ఎండ దాచిన గుట్టు!

ఉగాది పచ్చడి నాలుక్కి తగలకముందే వడగాలుల హెచ్చరికలు వచ్చేస్తున్నాయి! మరి ఈ వేసవి ఎలా ఉంటుందన్న కబురు ఎప్పుడు పుడుతుందో తెలుసా? ఫిబ్రవరి ఆఖర్లోనే! భారత వాతావరణ శాఖ మార్చి నుంచి మే దాకా 3 నెలల అంచనా ఒక్కసారే చెప్పేస్తుంది. అప్పటికి మన మామిడికాయ ఇంకా పిందే!

టీవీలో "ఇవాళ 42 డిగ్రీలు" అంటారు కదా. అది ఎండలో కొలిచింది కాదు! నీడలో కొలిచింది! తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. గాలి ఆడేలా దాని గోడలకు వాలు చెక్కలు. నేల నుంచి దాదాపు 4 అడుగుల ఎత్తు. థర్మామీటరు హాయిగా అందులో కూర్చుంటుంది. సిగ్నల్ దగ్గర బండి ఆపి మాడిపోతున్నారే, మీకు తగిలేది ఆ లెక్క కాదు. అంతకన్నా ఎక్కువే! "నలభై రెండేనా? నా నెత్తి మీద యాభై ఉంది" అని తిట్టుకుంటారు చూడండి, ఆ తిట్టులో న్యాయం ఉంది!

ఆ పెట్టెకు రూపమిచ్చిందెవరో చెప్పనా? స్కాట్లండ్‌లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీరు థామస్ స్టీవెన్సన్. ఆయన కొడుకే 'ట్రెజర్ ఐలాండ్' నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్! నవల 1883లో పుస్తకంగా వచ్చింది. నాన్నేమో ఎండ తగలకుండా థర్మామీటరు దాచాడు. కొడుకేమో దీవిలో నిధి దాచాడు!

వడగాలి అనాలంటే మైదానాల్లో ఎండ 40 డిగ్రీలకు చేరాలి. సముద్ర తీరంలో 37 చాలు. కొండ ప్రాంతాల్లో అయితేనా? 30 డిగ్రీలకే ఆ మాట ఎత్తొచ్చు! అయితే మెలిక ఉందండోయ్. ఆ రోజుల్లో మామూలుగా ఉండే వేడి కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కి ఉండాలి. ఎక్కడైనా సరే 45 తాకిందా, ఇక ఆ నాలుగున్నర మెలిక లేదు. అది వడగాలే!

మనవి రెండు రాష్ట్రాలు కదా? వాతావరణ శాఖ మాత్రం మూడు ముక్కలుగా చూస్తుంది! తెలంగాణ ఒకటి. యానాంతో కలిపి కోస్తాంధ్ర ఇంకొకటి. రాయలసీమ మూడోది. దేశం మొత్తం మీద ఇలాంటివి 36 ముక్కలు! అయితే ఒక్క ఊళ్లో ఒక్క రోజు మాడితే వడగాలి లెక్కలోకి రాదు. ఆ ముక్కలో కనీసం రెండు చోట్ల, వరసగా రెండు రోజులు మాడాలి. రెండో రోజున గానీ ముద్ర పడదు!

ఇది వింటే నమ్మరు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సూర్యుడు మనకు దగ్గరగా ఉంటాడనుకుంటున్నారా? కాదు! దూరంగా ఉంటాడు! సంక్రాంతికి చలిలో మనం భోగిమంట వేసుకునే రోజులతో పోలిస్తే దాదాపు 45 లక్షల కిలోమీటర్లు ఎక్కువ దూరం! అంత దూరం జరిగి కూడా నడినెత్తినుంచి కొడతాడు. దూరం కాదు, కొట్టే వాలు ముఖ్యం!

నడినెత్తి అంటే నిజంగానే నడినెత్తి! హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం ఒక్క నిమిషం మీ నీడ మాయం! నిలబెట్టిన కర్రకూ నీడ పడదు. ఆగస్టు మొదట్లో మళ్లీ ఇంకోసారి. ఢిల్లీ వాళ్లకు ఈ వింత ఎప్పటికీ దొరకదు పాపం!

మే అంటేనే మంట అనుకుంటాం. కానీ హైదరాబాద్ పాత రికార్డు తిరగేస్తే జూన్ దొరుకుతుంది! 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు. రుతుపవనాలు గుమ్మం దగ్గరికొచ్చే వేళ!

బెజవాడ నుంచి బందరు సముద్రం రోడ్డున దాదాపు 70 కిలోమీటర్లే. మరి మధ్యాహ్నం చల్లగాలి రావాలి కదా! ఒక్కోసారి రాదు! ఉత్తరం నుంచీ పడమర నుంచీ పొడిగాలి బలంగా తోస్తే, సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో కోస్తా జిల్లాల తలరాత తేల్చేది ఈ రెండు గాలుల కుస్తీ! సముద్రపు గాలి గెలిస్తే సాయంత్రం మేడ మీద హాయి. ఓడితే బందరులోనూ ఒళ్లు మాడుతుంది! అందుకే వాతావరణ సూచనలో డిగ్రీల కన్నా ముందు గాలి దిక్కు చూడండి. నేనైతే అదే చూస్తా!

ఇంకో గమ్మత్తు! కొండ దిగే పొడిగాలి దిగేకొద్దీ తనంతట తానే వేడెక్కుతుంది. పొయ్యి అక్కర్లేదు! కిందికి వచ్చేకొద్దీ ఒత్తిడి పెరిగి గాలి నలుగుతుంది. కిలోమీటరు దిగిందంటే దాదాపు 10 డిగ్రీలు పెరిగినట్టే!

రేపటి ఎండ లెక్క ఎక్కడ మొదలవుతుంది? బెలూన్ దగ్గర! విశాఖలో, హైదరాబాద్‌లో ఆకాశంలోకి బెలూన్లు వదులుతారు. తెల్లవారుజామున 5:30 వేళకు పై గాలుల లెక్క అందాలి. ప్రపంచంలో వందల చోట్ల ఇదే ఘడియకు ఇదే పని! మనం ముసుగు తన్ని పడుకున్నప్పుడు!

చెమట పడితే విసుక్కోకండి. మీ ఒంటి నిండా 20 లక్షలకు తక్కువ కాని చెమట గ్రంథులు! మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబరచినట్టు ఒళ్లు తనను తాను చల్లబరచుకుంటుంది. అయితే చెమట కారితే లాభం లేదు, ఆరాలి! గాలి నిండా తేమ ఉంటే ఆరదు. అందుకే విశాఖలో కాస్త తక్కువ డిగ్రీలే ఉన్నా ప్రాణం ఉస్సురంటుంది!

పగటి ఎండకే కాదు, రాత్రి ఉక్కకూ లెక్క ఉంది! పగలు 40కి చేరి, రాత్రి వేడి కూడా మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే దాన్ని 'వెచ్చని రాత్రి'గా రాసుకుంటారు. వెచ్చనట! ఫ్యాను కింద దొర్లేవాళ్లను అడగాలి ఆ పేరు!

రైలు పట్టా పెరుగుతుంది! నిజం! కిలోమీటరు పొడవున్న ఉక్కు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే 36 సెంటీమీటర్లు సాగాలని చూస్తుంది. కదలకుండా బిగించి పట్టుకోవడమే రైల్వే వాళ్ల వేసవి పని!

మేడకు తెల్లరంగు వేయడం ఒక ప్రభుత్వ విధానం! తెలంగాణ 2023లో 'కూల్ రూఫ్' విధానం తెచ్చింది. లక్ష్యం ఎంతో తెలుసా? 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు! సున్నం బకెట్ పట్టుకుని మేడెక్కిన మన తాతలకు విధానమేదీ అక్కర్లేకపోయింది!

సెల్సియస్ దొర 1742లో కొలబద్ద చేసినప్పుడు అది తలకిందులు! నీళ్లు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట వంద! ఆయన పోయాక తిరగేశారు. తిరగేయకపోతేనా? మన 45 డిగ్రీల రెంటచింతల 55 అయ్యేది. 5 డిగ్రీల చలికాలపు లంబసింగి ఏకంగా 95!

చివరిగా దొంగ రికార్డు! లిబియాలోని అల్ అజీజియాలో 1922లో 58 డిగ్రీలు నమోదైందని లోకమంతా నమ్మింది. పాఠ్యపుస్తకాలకూ ఎక్కింది. క్విజ్‌లలో బహుమతులూ తెచ్చింది. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ కొట్టిపారేసింది! చూసినవాడికి ఆ పరికరం చదవడం సరిగా రాదట! కిరీటం అమెరికాలోని డెత్ వ్యాలీకి వెళ్లింది. మీ ఇంట్లో పాత జనరల్ నాలెడ్జ్ పుస్తకం ఉంటే తెరిచి చూడండి, అజీజియా ఇంకా అందులో రాజ్యమేలుతూ ఉంటుంది!