ఎసిటైల్‌కోలినెస్టరేజ్ - ప్రయోగశాల ఉపయోగాలు

ఎసిటైల్‌కోలినెస్టరేజ్ నాడీవ్యవస్థలో పనిచేసే ఒక ఎంజైము. నాడి చివరి నుండి కండరానికి సంకేతాన్ని చేరవేసే రసాయనం ఎసిటైల్‌కోలిన్. సంకేతం అందిన వెంటనే ఈ ఎంజైము దానిని కోలిన్, ఎసిటిక్ ఆమ్లాలుగా విడగొడుతుంది. ఈ పని ఆగితే కండరాలు అదిరి, పిదప చచ్చుబడి, శ్వాస నిలిచిపోతుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ తరగతుల పురుగుమందులు ఈ ఎంజైమునే స్తంభింపజేస్తాయి. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు మరణించడానికి కారణమైన మోనోక్రోటోఫాస్ ఈ మొదటి తరగతికి చెందినదే. విషానికి ఇట్లు లొంగిపోయే గుణమే ఈ ఎంజైమును విషాన్ని పట్టిచ్చే ప్రయోగశాల కారకంగా చేసింది.

లభ్యత

దక్షిణ అమెరికా నదులలో నివసించే విద్యుత్ ఈల్ చేప విద్యుదవయవాలలో ఈ ఎంజైము సమృద్ధిగా ఉంటుంది. అందువలన ప్రయోగశాలలకు కావలసిన ఎంజైమును చాలాకాలంగా వాటి నుండి తీస్తున్నారు. మానవుని ఎర్ర రక్తకణాల నుండి తీసినది కూడా వాడుకలో ఉన్నది.

ఎల్‌మన్ పద్ధతి

ఎంజైము చేసే పని కంటికి కనబడదు కనుక దానిని రంగుగా మార్చి కొలుస్తారు. ఈ పద్ధతిని జార్జ్ ఎల్‌మన్, ఆయన సహచరులు 1961లో ప్రకటించారు. ఇందులో ఎసిటైల్‌కోలిన్‌కు బదులుగా ఎసిటైల్‌థయోకోలిన్‌ను వాడతారు. ఎంజైము దీనిని విడగొట్టగా వెలువడిన థయోకోలిన్, డి.టి.ఎన్.బి. అనే పదార్థంతో కలిసి పసుపు రంగునిస్తుంది. ఈ రంగును 412 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద కొలుస్తారు. రంగు ఎంత వేగంగా పెరిగితే ఎంజైము అంత చురుకుగా ఉన్నదని అర్థం.

ఉపయోగాలు

* పురుగుమందుల అవశేషాలు: కూరగాయల నుండి గాని, నీటి నుండి గాని తీసిన నమూనాను ఎంజైముతో కలిపి కొంతసేపు ఉంచి, పిదప పై పరీక్ష చేస్తారు. రంగు మందగిస్తే ఎంజైమును అడ్డగించే పదార్థం అందులో ఉన్నట్లు అనుమానించాలి.
* ఔషధ పరిశోధన: ఆల్జీమర్స్ వ్యాధిలో మెదడులో ఎసిటైల్‌కోలిన్ తగ్గుతుంది. ఎంజైమును కొంతమేరకు అడ్డగిస్తే ఉన్న ఎసిటైల్‌కోలిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ ఇట్లు పనిచేసే మందులే. కొత్త పదార్థాలను, మొక్కల సారాలను ఈ ఎంజైముపైనే పరీక్షిస్తారు.
* ఇమ్యునోఎస్సే: ఎంజైమును ప్రతిరక్షకానికి గాని, కొలవవలసిన పదార్థానికి గాని జోడించి, స్వల్ప పరిమాణాలను రంగు ద్వారా అంచనా వేస్తారు.

పరిమితులు

ఈ పరీక్ష విషం పేరు చెప్పదు. దానిని నిర్ధారించడానికి క్రొమటోగ్రఫీ వంటి పద్ధతులు అవసరం. వేడికి చెడిపోయిన ఎంజైము కూడా రంగునివ్వదు. కనుక పురుగుమందు లేని నమూనాతో ప్రతిసారీ పోల్చి చూడాలి. పారాథియాన్, మలాథియాన్ వంటివి ఉన్న రూపంలో ఎంజైమును అంతగా అడ్డగించవు. శరీరంలో ఆక్సీకరణ చెందిన పిదపనే తీవ్రమైన విషాలవుతాయి. అందుచేత పరీక్షకు ముందు నమూనాను బ్రోమిన్ వంటి వాటితో ఆక్సీకరించాలి. ఈ మెట్టు విడిచిపెడితే, పసుపు రంగు చక్కగా వచ్చినప్పటికీ ఆ కూరగాయ సురక్షితమని చెప్పడానికి వీలులేదు.