దాచిన పెట్టెలు - వాని పటములు

ఇంగ్లండు నైరృతి భాగమున డెవన్ మండలములో డార్ట్‌మూర్ అను విశాలమైన బీడుభూమి గలదు. చిత్తడి నేల, గడ్డి, అక్కడక్కడ 'టార్' లనబడు గ్రానైటు రాతిగుట్టలు తప్ప అచట వేరొకటి అంతగా కానరాదు. 1854లో చాగ్‌ఫర్డు గ్రామమునకు చెందిన జేమ్స్ పెరాట్ అను మార్గదర్శి, ఈ బీటి నడుమ క్రాన్‌మియర్ పూల్ అనుచోట ఒక సీసాను ఉంచెను. (పేరునకు మడుగే గాని నేడు అందు నీరు నిలువదు.) అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరుగల చీటీని ఆ సీసాలో వేసి పోవుచుండిరి. తరువాత చిరునామా వ్రాసిన కార్డులను ఉంచుటయు, వెనుక వచ్చినవారు వానిని తీసికొనిపోయి తపాలాలో వేయుటయు ఆచారమయ్యెను. 'లెటర్‌బాక్స్' అను పేరు ఇట్లు వచ్చినదే.

నేడు ఆ బీటిలో ఇట్టి పెట్టెలు వేలకొలదిగా దాగియున్నవి. ఒక్కొక్కదానిలో ఒక రబ్బరుముద్ర, ఒక పుస్తకము ఉండును. కనుగొన్నవారు పెట్టెలోని ముద్రను తమ పుస్తకమున వేసికొని, తమ ముద్రను పెట్టెలోని పుస్తకమున వేసి, పెట్టెను మరల యథాస్థానమున దాచి పోవుదురు. 1998లో అమెరికాలోని స్మిత్సోనియన్ పత్రికలో దీనిని గురించి వ్యాసము వెలువడిన పిమ్మట ఈ వినోదము ఆ దేశమునకును వ్యాపించెను.

పెట్టె ఉన్నచోటును తెలుపుటెట్లు? దిక్సూచితో రెండు గుట్టల దిక్కోణములను కొలిచి సూచనగా ఇత్తురు. పటముపై ఆ రెండు గీతలు ఖండించుకొను బిందువే పెట్టె ఉన్న చోటు. కాని కొలతలో ఒక డిగ్రీ అటునిటు అగుట సహజము. గుట్ట 1 కిలోమీటరు దూరమున నున్నచో ఒక డిగ్రీ పొరపాటు 17 మీటర్లగును. అనగా గీతకు బదులు సుమారు 35 మీటర్ల వెడల్పుగల పట్టీ ఏర్పడును. రెండు పట్టీలు లంబముగా ఖండించుకొన్నచో వెదుకవలసినది 35 మీటర్ల చతురస్రము మాత్రమే. అవి 20 డిగ్రీల కోణమున కలిసినచో ఆ స్థలము సుమారు 200 మీటర్ల పొడవుగల సమచతుర్భుజముగా సాగిపోవును! గుట్టలను ఎన్నుకొనుటలోనే నేర్పంతయు ఉన్నది.

వేరొక చిక్కు కూడ గలదు. దిక్సూచి చూపు ఉత్తరము నిజమైన ఉత్తరము కాదు. ఆ రెంటి మధ్య కోణమగు దిక్పాతము ఏటేట మారుచుండును. సూచన వ్రాసిన నాటికిని నేటికిని 5 డిగ్రీల మార్పు కలిగినచో, కిలోమీటరు దూరమున 87 మీటర్లు తప్పిపోవుదుము. పెట్టె కదలలేదు, సూచనలో అక్షరమైనను మారలేదు. ఐనను అది దొరకదు. కావున సూచనలను సేకరించి ఇంటర్నెట్టులో పట్టికగా కూర్చువారు, కొలిచిన సంవత్సరమును తప్పక చేర్చవలెను. పెట్టెను కడపట ఎవరైనను చూచిన తేదీయు ఉండవలెను. డార్ట్‌మూర్‌లో కంచుయుగము నాటి శిలావరుసలు, గుడిసెల పునాదులు ఉన్నవి. వానిలో పెట్టెలను దాచరాదని నియమము. లేని పెట్టెను ఉన్నదని చూపు పటమును నమ్మి, వెదుకువారు పురాతనమైన రాళ్ళను కదల్చిన ఆ నష్టము తీరునది కాదు. క్రాన్‌మియర్ పూల్ సైన్యము కాల్పులు అభ్యసించు ప్రాంతములో నున్నది. కాబట్టి ఆ ఎల్లలను కూడ పటమున గుర్తింపవలెను.

ఇక పటముపై చుక్క ఎచట పెట్టవలెను? సరిగా పెట్టెపైననే పెట్టినచో వెదుకులాట ముగిసినట్లే. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఉపగ్రహ సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన దోషమును తొలగించిన వెంటనే పుట్టిన 'జియోకాషింగ్' అను క్రీడలో ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశములనే ఇత్తురు. లెటర్‌బాక్సు ఆటలో అట్లు కాదు. ఆటకు ప్రాణము సూచనయే. ఇందుకు సులభోపాయమేమనగా, అక్షాంశ రేఖాంశములను దశాంశములలో వ్రాసి, రెండు స్థానములకు సవరించి చూపుట. ఏ ప్రాంతమునకు పోవలెనో తెలియును గాని పెట్టె చిక్కదు.

ఇట్లు సవరించినందున ఎంత స్థలము మిగులునో విద్యార్థులు తామే లెక్కింపవచ్చును. అక్షాంశమున ఒక డిగ్రీ ఎచటనైనను సుమారు 111 కిలోమీటర్లు, కావున 0.01 డిగ్రీ 1.1 కిలోమీటరు. రేఖాంశమునకు దీనిని అక్షాంశపు కొసైనుతో గుణింపవలెను. డార్ట్‌మూర్ 50.5 డిగ్రీల అక్షాంశమున నున్నందున అచట 0.01 డిగ్రీ రేఖాంశము 0.7 కిలోమీటరు మాత్రమే. గడి నిలువుగా పొడవైన దీర్ఘచతురస్రమగును. 17.4 డిగ్రీల వద్దనున్న హైదరాబాదులో అదియే 1.06 కిలోమీటరు, అచట గడి ఇంచుమించు చతురస్రముగానే ఉండును.