నీళ్లు తేటగానే ఉన్నాయి, మరి పూల్ ఎందుకు మూశాం?



గత నెల స్విమ్మింగ్ క్లాసులు కొన్ని రోజులు ఆగినప్పుడు చాలామంది పేరెంట్స్ ఇదే ప్రశ్న అడిగారు. కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే, అరచేతిలో పట్టేంత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడమే దానికి కారణం. అంత చిన్న వస్తువు పాడైతే పూల్ మొత్తం మూయాలా? మూయాలి. ఎందుకో చూద్దాం.

ట్రాన్స్‌ఫార్మర్ పని ఏమిటి?

పంపు, వాల్వులు, క్లోరిన్ డోసింగ్ అన్నీ ఆటోమేటిక్ కంట్రోలర్ చెప్పినట్టు నడుస్తాయి. లైన్‌లో వచ్చేది 230 వోల్టులు. కానీ కంట్రోలర్‌కు, రిలేలకు, వాల్వులు తిప్పే చిన్న మోటార్లకు కావలసింది 24 వోల్టులే. ఆ తగ్గించే పని ట్రాన్స్‌ఫార్మర్‌ది.

ఇనుప కోర్ మీద రెండు రాగి తీగ చుట్టలు ఉంటాయి. మొదటి దానికి 960 చుట్లు, రెండో దానికి 100 చుట్లు ఉంటే 230 వోల్టులు దాదాపు 24 అవుతాయి. రెండు చుట్టలకూ మధ్య తీగ కనెక్షన్ లేదు, అయస్కాంత క్షేత్రమే వాటిని కలుపుతుంది. నీళ్ల దగ్గర ఉండే వైర్లలో తక్కువ వోల్టేజ్, అదీ మెయిన్ లైన్‌తో నేరుగా సంబంధం లేకుండా ఉండటం పిల్లల భద్రతకు చాలా ముఖ్యం.

అది పోతే ఏమవుతుంది?

డిస్‌ప్లే ఆరిపోతుంది. పంపు మోటారు బాగానే ఉన్నా, దాన్ని ఆన్ చేసే రిలే కదలదు. ఫిల్టర్, డోసింగ్ ఆగిపోతాయి. ఆరుబయట పూల్‌లో ఎండకు క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది. కనీసం 1 పీపీఎం క్లోరిన్, 7.2 నుంచి 7.8 మధ్య పీహెచ్ లేని నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా క్రిములను ఆపలేవు. అందుకే పూల్ మూశాం.

కొత్తది బిగిస్తే సరిపోదా?

సరిపోదు. మీటర్ పెట్టి చూస్తే ఇన్‌పుట్ వైపు 230 వస్తోంది, అవుట్‌పుట్ వైపు సున్నా. అంటే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. కానీ అది ఎందుకు పోయింది? ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, వాల్వు మోటార్లను ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షిస్తే, ఒకదానిలోకి నీరు చేరి షార్ట్ అయినట్టు తేలింది. దాన్ని మార్చకుండా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఉంటే అదీ కాలిపోయేది.

కొత్తది ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి:

• ఇన్‌పుట్ మన 230 వోల్టులకు సరిపోవాలి. కొన్ని విదేశీ ప్యానెళ్లలో 120 వోల్టుల కనెక్షన్ కూడా ఉంటుంది. పొరపాటున దానికి 230 ఇస్తే కొత్తదీ కాలిపోతుంది.

• అవుట్‌పుట్ పాతదానిలాగే 24 వోల్టుల ఏసీ ఉండాలి.

• కెపాసిటీ తగ్గకూడదు. ఒక్కొక్కటి 0.75 ఆంపియర్లు తీసుకునే మోటార్లు మూడు కలిసి తిరిగితే 24 × 2.25 = 54 వీఏ. కంట్రోలర్, రిలేల లోడ్ కూడా కలుపుకుని అంతకంటే పెద్దది కావాలి.

• ఫ్యూజ్ అదే రేటింగ్‌లో వేయాలి. దాని స్థానంలో మామూలు తీగ చుట్టడం ప్రాణాలతో చెలగాటం.

రిపేరు అయ్యాక ఫిల్టర్ నడిపి, నీటి పరీక్షలో క్లోరిన్, పీహెచ్ సరిగా వచ్చాకే పిల్లల్ని దించాం.

ఇంట్లో ఇలా చేయండి

ప్లగ్ నుంచి తీసిన ఫోన్ చార్జర్ మీది లేబుల్‌ను మీ పాప లేదా బాబుతో చదివించండి. ఇన్‌పుట్ ఎన్ని వోల్టులు, అవుట్‌పుట్ ఎన్ని వోల్టులు? మిగతా వోల్టులు ఎక్కడికి పోయాయని అడగండి. ఇంటర్‌లో చదవబోయే పాఠానికి అదే మొదటి మెట్టు. చార్జర్‌ను మాత్రం విప్పనివ్వకండి.

మీ అపార్ట్‌మెంట్‌లో పూల్ ఉంటే, మెయింటెనెన్స్ వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఈ రోజు క్లోరిన్ రీడింగ్ ఎంత? ప్యానెల్‌కు పనిచేసే ఆర్‌సీసీబీ ఉందా? జవాబు వచ్చాకే పిల్లల్ని ఈతకు పంపండి.