గ్రహణం వేటకు గుంటూరు పాఠం
విదేశాలకు బృందంగా వెళ్లేవారికి ముందస్తు ప్రణాళికే ప్రాణం

హనుమంతునిపాడు: సంపూర్ణ సూర్యగ్రహణం ఎంత దీర్ఘమైనదైనా ఏడున్నర నిమిషాలు దాటదు. చాలా గ్రహణాలు రెండు మూడు నిమిషాల్లోనే ముగుస్తాయి. ఆ కొద్ది క్షణాలను కెమెరాలో బంధించేందుకు ఖండాలు దాటి వెళ్లేవారున్నారు. హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం ప్రాంతాల ఔత్సాహికులకు ఇంటి వద్ద ఆ అవకాశం లేదు. 1980 ఫిబ్రవరి 16న ఛాయామార్గం ఉత్తరాన జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా సాగింది. పశ్చిమ ప్రకాశంలో మాత్రం పాక్షిక గ్రహణమే. సూర్యబింబం నూటికి 99 వంతులు మూసుకున్నా చుట్టూ ఉండే తెల్లని కరోనా ప్రకాశించదు. అది కావాలంటే ఛాయామార్గంలోకి వెళ్లవలసిందే.

మన దేశంలో 2009 జులై 22 తరువాతి సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, అదీ కాశ్మీరు, లడఖ్ ప్రాంతాల్లో. అంతకుముందు 2027 ఆగస్టు 2 నాటి గ్రహణ మార్గం స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, సౌదీ అరేబియా, యెమెన్‌ల మీదుగా ఉంది. ఈజిప్టులోని లక్సర్ వద్ద చీకటి ఆరు నిమిషాలకు పైగా నిలుస్తుంది.

నాడు వారే మన వద్దకు
1868 ఆగస్టు 18న పరిస్థితి తారుమారు. నాడు విదేశీయులే గుంటూరుకు తరలివచ్చారు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరును ఎంచుకోవడానికి కారణం ఉంది. మచిలీపట్నంలో సముద్రపు మంచు, కొండలపై మేఘాలు అడ్డుతగులుతాయని, రెండింటికీ మధ్యనున్న ఊరిని ఆయన కోరుకున్నారు. అదే ఊళ్లో బ్రిటిష్ అధికారి టెన్నెంట్ బృందం ఛాయాచిత్రాలకు ఒకరు, వర్ణపటానికి మరొకరు అన్నట్లు పనులు పంచుకుంది. ఆ గ్రహణ సమయంలో సూర్యజ్వాలల్లో నమోదైన పసుపు రేఖే తరువాత హీలియం గుర్తింపునకు దారితీసింది.

చోటు ఎంపికే సగం విజయం
అదే జాన్సెన్ 1870లో శత్రుసేనలు ముట్టడించిన పారిస్ నుంచి బెలూన్‌లో తప్పించుకుని, గ్రహణం కోసం అల్జీరియాలోని ఒరాన్ చేరారు. మేఘాలు కమ్మి ఆయనకు నిరాశే మిగిలింది. 2009లో బీహారులోని తారేగ్నాకు వెళ్లిన వేలాదిమందికీ వానాకాలపు మబ్బులే ఎదురయ్యాయి. కాబట్టి చీకటి ఎంతసేపు ఉంటుందన్న దానికంటే ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటుందన్నదే ముందు చూడాలి. ఆగస్టులో లక్సర్‌లో మబ్బులు అరుదు. అయితే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ, నీరు, వృద్ధుల ఆరోగ్యం లెక్కలోకి తీసుకోవాలి. 1868లో సయాం రాజు మోంగ్‌కుట్ గ్రహణ వీక్షణకు వెళ్లి మలేరియా బారినపడి, కొద్ది వారాలకే మరణించిన సంగతి మరువరాదు.

డబ్బు మాట ముందే
గ్రహణ మార్గంలోని ఊళ్లలో హోటల్ గదులు చాలా ముందే నిండిపోతాయి, ధరలు పెరుగుతాయి. గ్రహణం తేదీ మారదు గనుక ఆలస్యమైతే మరో రోజు లేదు. పది మంది కలిసి వెళ్లదలిస్తే ఎవరి వాటా ఎంత, మధ్యలో ఒకరు విరమించుకుంటే అడ్వాన్సు ఎవరు భరించాలి అన్నది కాగితంపై రాసుకోవడం మేలు. అప్పు చేసి వచ్చే సభ్యునికి ఇది మరీ అవసరం. మబ్బు పడితే సొమ్ము తిరిగిరాదన్న సంగతీ అందరికీ ముందే చెప్పాలి. పాస్‌పోర్టుకు ప్రయాణం నాటికి ఆరు నెలలకు పైగా గడువుండాలి. గ్రహణానికి కనీసం రెండు రోజుల ముందే చేరుకోవాలి. ఖరీదైన కెమెరాలను బయలుదేరే ముందు విమానాశ్రయ కస్టమ్స్ వద్ద నమోదు చేయించుకుంటే తిరుగు ప్రయాణంలో చిక్కుండదు.

పౌర్ణమి నాడు సాధన
ఆకాశంలో చంద్రుడు దాదాపు సూర్యుడంతే కనిపిస్తాడు. అందుచేత పౌర్ణమి రాత్రి మిద్దెపై ట్రైపాడ్ నిలిపి సాధన చేయవచ్చు. 500 మిల్లీమీటర్ల లెన్సుతో సూర్యబింబం సెన్సారుపై నాలుగున్నర మిల్లీమీటర్లే పడుతుంది. చుట్టూ కరోనాకు చోటు మిగులుతుంది. పెళ్లి ఫొటోలకు వాడే 200 మిల్లీమీటర్ల లెన్సుతోనూ మంచి చిత్రాలు వస్తాయి. సూర్యజ్వాలలకు సెకనులో వెయ్యో వంతు, కరోనా అంచులకు ఒక సెకను వరకు ఎక్స్‌పోజర్ మార్చుతూ తీయాలి. ఫోకస్‌ను ముందే స్థిరపరచి, ఫ్లాష్ ఆపివేయాలి. లక్సర్‌లో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అంత పైకి తిరిగే ట్రైపాడ్ ఉందో లేదో ఇంటి వద్దే చూసుకోవాలి.

కళ్ల తరువాతే ఫొటో
పాక్షిక దశలో లెన్సు ముందు సౌర ఫిల్టరు, కళ్లకు ఐఎస్‌వో 12312-2 ప్రమాణం గల అద్దాలు తప్పనిసరి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు పనికిరావు. గ్రహణ అద్దాలు పెట్టుకుని కెమెరా వ్యూఫైండరులోంచి, బైనాక్యులర్‌లోంచి చూడరాదు. బింబం పూర్తిగా మరుగైన తరువాతే ఫిల్టరు తీయాలి. వెలుగు తిరిగి తొంగిచూడగానే పెట్టాలి. ఆ సమయం బిగ్గరగా చెప్పే బాధ్యత ఫొటో తీయని ఒకరికి అప్పగించాలి. చీకటిలో కనీసం ఒక నిమిషం కెమెరా వదిలి ఆకాశాన్ని చూడాలన్న నియమమూ బృందం పెట్టుకోవాలి. అంత ఖర్చు పెట్టి వెళ్లేది చూడడానికే.