అనుమతి ఒకరిది, ఇల్లు అందరిది

ఈ రోజుల్లో బల్బు కొన్నా, ప్లగ్గు కొన్నా దానితోపాటు ఒక యాప్ కూడా ఇంట్లో అడుగుపెడుతుంది. ఫోనులో తెరవగానే అది అడిగే మొదటి ప్రశ్న, మీ లొకేషన్ తెలుసుకోవచ్చునా అని. కాదంటే చాలాసార్లు అది ముందుకు కదలదు. దీపం వెలగడానికీ మన చిరునామాకూ సంబంధమేమిటని కొందరు విసుక్కుంటారు. ఎక్కువమంది మాత్రం చదవకుండానే ‘అనుమతించు’ అన్న చోట వేలు నొక్కి పని ముగించుకుంటారు. గడప ముందు నిలిచి తలుపు తట్టినవారికి ఇవ్వవలసిన సమాధానం ఈ రెండూ కావు. వచ్చినదెవరు, ఎందుకు వచ్చారు, ఎంతవరకు రానివ్వాలి అన్నది తెలుసుకుని బదులివ్వడం ఇంటి పెద్ద బాధ్యత.

ఎందుకు అడుగుతుంది?

ముందుగా న్యాయంగా మాట్లాడుకోవాలి. అడిగిన ప్రతిసారీ దురుద్దేశమే ఉంటుందనుకోవడం సరికాదు. కొత్త బల్బును ఫోనుతో జోడించాలంటే యాప్ బ్లూటూత్ ద్వారానో వైఫై ద్వారానో పరిసరాలను వెతకాలి. అలా వెతికినప్పుడు ఇరుగుపొరుగు ఇళ్ల రూటర్ల గుర్తింపులు కూడా దానికి చిక్కుతాయి. ఏ రూటరు ఏ వీధిలో ఉన్నదో తెలిపే పెద్ద పట్టికలు కొన్ని కంపెనీల వద్ద ఉన్నాయి. కనుక జీపీఎస్ లేకున్నా, చుట్టూ ఉన్న వైఫై గుర్తింపులను బట్టే ఫోను ఎక్కడున్నదో పసిగట్టవచ్చు.

ఈ కారణంగానే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, సమీపంలోని బ్లూటూత్ పరికరాలను వెతికే యాప్ లొకేషన్ అనుమతి తీసుకోవలసి వచ్చింది. అంటే ఆ ప్రశ్న ఒక విధంగా మనలను హెచ్చరించడానికి కట్టిన గంట. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 ‘సమీప పరికరాలు’ అనే వేరొక అనుమతిని ఏర్పరచింది. అందువల్ల కొత్త ఫోన్లలో, కేవలం బ్లూటూత్ పరికరాన్ని జోడించే పనికి లొకేషన్ కావాలన్న అగత్యం చాలావరకు తగ్గింది.

మరికొన్ని అవసరాలు సౌకర్యానికి సంబంధించినవి. యజమాని ఇంటిని సమీపించగానే ఏసీ దానంతటదే నడవాలంటే అతడెక్కడున్నాడో యాప్‌కు నిరంతరం తెలియాలి. సూర్యాస్తమయ వేళకు దీపం వెలగాలంటే మాత్రం ఊరి పేరు చాలు. మస్జిదు గోడకు వేలాడే నమాజు వేళల పట్టిక ఊరి పేరుతోనే మగ్‌రిబ్ వేళ చెబుతుంది కదా! దానికి మన ఇంటి నంబరు ఎన్నడూ అక్కరలేదు.

ఎందుకని అడిగితే చాలదు

అడిగిన కారణం సక్రమమైనదే అయినా, ఇచ్చిన సమాచారం ఎక్కడికి పోతుందన్నది వేరే ప్రశ్న. నమాజు వేళలకూ ఖిబ్లా దిశకూ ఎందరో వాడే ముస్లిం ప్రో యాప్ ఉదంతం ఇందుకు నిదర్శనం. ఖిబ్లా చూపడానికి లొకేషన్ కావాలి. అందులో తప్పు లేదు. అయితే ఆ సమాచారం ఎక్స్‌మోడ్ అనే లొకేషన్ వ్యాపార సంస్థకు చేరిందనీ, అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఆ సంస్థ వద్ద సమాచారం కొనేవారనీ 2020 నవంబరులో పత్రికలు వెల్లడించాయి. ఆ తరువాత ముస్లిం ప్రో ఆ సంస్థతో సంబంధం తెంచుకున్నట్లు ప్రకటించింది.

ఇంటి పరికరాల విషయమూ ఇంతే. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్‌పై రెండు కేసులు తెచ్చింది. అలెక్సా ద్వారా సేకరించిన పిల్లల స్వరాలనూ, వినియోగదారుల లొకేషన్ వివరాలనూ చెరిపివేయమని కోరినా పూర్తిగా చెరపలేదన్నది మొదటి ఆరోపణ. అమెజాన్‌కు చెందిన రింగ్ కెమెరాల సంస్థలో ఒక ఉద్యోగి 2017లో కనీసం 81 మంది మహిళల వీడియోలను, పడకగదుల వంటి ఏకాంత స్థలాలలో అమర్చిన కెమెరాల నుంచి చూశాడన్నది రెండవది. అమెజాన్ ఆరోపణలను అంగీకరించలేదు గానీ, మొదటి కేసులో రెండున్నర కోట్ల డాలర్లు, రెండవ దానిలో 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది.

కెమెరా లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. దీపం ఏ వేళకు వెలిగింది, తలుపు ఎప్పుడు తెరుచుకున్నది, ఫోను ఎన్ని గంటలకు ఇల్లు విడిచింది అన్నవి పోగుచేస్తే చాలు. సహరీకి ఎవరు లేస్తారు, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది, ఆడవారు ఒంటరిగా ఉండే వేళ ఏది అన్నది తెలిసిపోతుంది. లొకేషన్ తోడైతే అది ఫలానా వీధిలోని ఫలానా ఇల్లని తేలుతుంది.

అనుమతి అంటే ఏమిటి?

ఇతరుల ఇంటిలోకి అనుమతి పొందనిదే ప్రవేశించరాదనీ, తిరిగి వెళ్లమంటే మనసులో కినుక లేకుండా వెళ్లిపోవాలనీ దివ్య ఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా బోధిస్తున్నది. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే మరలిపొమ్మని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. తలుపు సందులోంచి తొంగి చూసిన వ్యక్తిని ఆయన తీవ్రంగా మందలించారని హదీసులు తెలుపుతున్నాయి. కాదనే స్వేచ్ఛ ఉన్నప్పుడే అది అనుమతి అవుతుంది. ఒప్పుకోకపోతే డబ్బు పెట్టి కొన్న వస్తువు కూడా పనిచేయదంటే, అది అనుమతి కోరడం కాదు, బలవంతం చేయడం.

మన దేశ చట్టమూ ఈ దిశగానే అడుగు వేసింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై, చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే పరిమితం కావాలి. వైద్య సలహా ఇచ్చే యాప్‌కు రోగి ఫోనులోని పేర్ల జాబితాతో పని లేదని ఆ చట్టమే ఉదాహరణ చెబుతున్నది.

ఇక అసలు విషయం. అనుమతి ఇచ్చేది ఒక్క వేలు. బయటపడేది ఇంటిల్లిపాది జీవితం. కొడుకు కొన్న కెమెరా ముందు తల్లి తిరుగుతుంది, కోడలు తిరుగుతుంది, పనికి వచ్చే స్త్రీ తిరుగుతుంది, పండుగకు వచ్చిన బంధువులు కూర్చుంటారు. వారిని ఎవరు అడిగారు? ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాలలో ఇంటి పిల్లలూ సేవకులూ సైతం అడిగే లోపలికి రావాలని నూర్ సూరాలోనే ఆదేశమున్నది. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ఒకరి ఏకాంతంపై మరొకరికి హక్కు రాదు. పరాయి కంపెనీ చూస్తుందేమోనని భయపడే మనం, దుకాణంలో కూర్చుని ఫోనులో భార్య రాకపోకలను, కోడలి కదలికలను గమనిస్తున్నామా అని ప్రశ్నించుకోవాలి. ఇతరుల రహస్యాలు వెదకవద్దన్న హుజురాత్ సూరా ఉపదేశం ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది.

చేయవలసినవి

కొనేముందే ఆ వస్తువు యాప్ లేకుండా, గోడ స్విచ్చుతోనో రిమోటుతోనో పనిచేస్తుందా అని దుకాణదారుణ్ణి అడగండి. లొకేషన్ తప్పనిసరి అయితే ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నదాన్ని ఎంచుకోండి. ‘ఎల్లవేళలా’ అన్నదాన్ని వదిలివేయండి. కొత్త ఫోన్లలో కచ్చితమైన చోటుకు బదులు సుమారు ప్రాంతం మాత్రమే తెలిపే సౌలభ్యం కూడా ఉన్నది. పరికరం జోడించిన తరువాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతిని రద్దు చేసి చూడండి. దీపం మునుపటిలాగే వెలిగితే ఆ అనుమతితో ఇక పనిలేదు. పడకగదిలో, స్త్రీలు విశ్రమించే చోట కెమెరా పెట్టవద్దు. పాత పరికరాన్ని అమ్మేముందు అందులోని వివరాలు చెరిపి, ఖాతా నుంచి తొలగించండి.

అన్నిటికన్నా ముందు, అమర్చబోయే పరికరం ఏమి వింటుందో, ఏమి చూస్తుందో ఇంటివారందరినీ కూర్చోబెట్టి చెప్పండి. వారిలో ఒక్కరు వద్దన్నా ఆ మాటకు విలువనివ్వండి. బయటివాడు తలుపు తట్టి అడగాలని కోరుకునే మనం, లోపలివారిని అడగడం మరవరాదు.